సమ్మె కాలపు కాపురం

13 సెప్టెంబర్ 2011, మంగళవారం

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె ఈ రోజే మొదలు. మహబూబాబాద్ ఆర్డీవో ఆఫీసు ముందు టెంటు వేశారు. పదింటికి రమ్మన్నారు, నేను పది నిమిషాల ముందే అక్కడున్నాను. పని మానేయడానికి కూడా ముందుగా వెళ్లే మనిషిని నేనొక్కదాన్నేనేమో.

కాదు, నాకంటే ముందు అరుంధతక్క వచ్చింది. రెవెన్యూలో సీనియర్ అసిస్టెంట్, ఇరవై ఏళ్ల సర్వీసు. టెంటులో టేబుల్ వేయించుకుని, కొత్త రిజిస్టరుకు గళ్లు కొట్టుకుని కూర్చుంది.

“అక్కా, సమ్మెకు గూడ హాజరా?” అన్నాను.

“లేకపోతే ఎవరొచ్చిన్రో, ఎవరు ఇంట్ల పన్నరో ఎట్ల తెలుస్తదే? పదిన్నర దాటితే లేటు. మూడు లేట్లకు ఒక సీఎల్ కట్.”

“సమ్మెల సీఎల్ ఏందక్కా?”

“గది ఇంక ఆలోచించలే. ముందుగాల సంతకం పెట్టు.”

పెట్టాను. మధ్యాహ్నానికి గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఒకాయన మిర్చి చేను చూసుకోవాలని సమ్మెకు ఒక పూట సెలవు అడుగుతూ కాగితం రాసిచ్చాడు. అక్క దాన్ని చదివి, కారణం సరిగ్గా రాయలేదని తిప్పి పంపింది.

సాయంత్రం ఇంటికొచ్చి కొలత గొలుసు తుడిచి నూనె రాసి మూలన పెట్టాను. గూడూరు మండలంలో భూములు కొలవడం మొదలుపెట్టి మూడేళ్లు. ‘ఆడపిల్ల గొలుసు పడితే హద్దు నిలుస్తదా’ అన్నవాళ్లే ఇప్పుడు ‘గొలుసు మేడం ఎప్పుడొస్తది’ అని ఫోన్లు చేస్తున్నారు. ఈ మాట రాసుకుంటే నాకు బాగుంటుంది, అందుకే రాసుకున్నాను. భిక్షం అనే రైతు చెలక, తమ్ముడితో హద్దు తగాదా, సగం కొలతలో ఆగిపోయింది. సమ్మె వారంలో అయిపోతుందంటున్నారు. అయిపోతే బాగుండు.

14 సెప్టెంబర్, బుధవారం

మధ్యాహ్నం తలుపు తీస్తే అకీల్! నా మొగుడిని నేను బుధవారం నాడు చూడటం ఇదే మొదటిసారి. (పెళ్లయిన మొదటి వారం లెక్కలోకి రాదు, అప్పుడు చూడాలంటే సిగ్గు.)

భూపాలపల్లి బొగ్గుబాయిలో ఆయన సర్వేయర్. భూమి కింద ఆయన కొలుస్తాడు, పైన నేను కొలుస్తాను. సంబంధం కుదిరినప్పుడు మా అబ్బా ‘ఇద్దరిది ఒక్కటే పని, ఇగ ఒక్క దగ్గరనే ఉంటరు’ అని సంబరపడ్డాడు. మా నాన్న అబ్దుల్ వహాబ్ గారి తెలివి అంతవరకే. రెండేళ్ల నాలుగు నెలల నుంచి ఆయన అక్కడ, నేను ఇక్కడ. శనివారం సాయంత్రం బస్సెక్కి వస్తాడు, సోమవారం నేను లేచేసరికి ఉండడు. ఆదివారాలన్నీ కలిపితే మా కాపురం వయసు నాలుగు నెలలు.

బాయి కూడా బంద్ అయిందట. “రెండు రోజులుండి పోత” అన్నాడు.

అమ్మీ, అంటే ఆయన అమ్మ హాజిరా బీ, నాకు తోడని ఇక్కడే ఉంటుంది. కొడుకును చూసిన సంతోషంలో కోడిని కోయించింది. తిన్నాక మా ఇద్దరి మధ్యకు పీట జరుపుకుని కూర్చుని, రంజాన్ నాడు అన్న మాటే మళ్లీ అన్నది.

“బక్రీద్ లోపల మీరిద్దరు ఒక్క ఇంట్ల ఉండాలె. ఎవరు ఎవరి దగ్గరికి పోతరో నాకు తెల్వది. ఎవరో ఒకరు బదిలీ పెట్టుకోవాలె.”

ఇద్దరం బుద్ధిగా తలూపాం. ఆయన నన్ను చూశాడు, నేను గోడను చూశాను.

భూపాలపల్లి వైపు నాకు దొరికే ఖాళీ ఒక్కటే ఉంది. ఆఫీసులో కుర్చీ మీద కూర్చుని పాత నక్షాలకు, అంటే భూముల పటాలకు, కాపీలు తీయడం. దాని గురించి నేను ఆలోచించడం లేదు. సమ్మె అయ్యాక ఆలోచించుకోవచ్చు.

ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా ఇది తెలుగులో రాస్తున్నాను. అమ్మీకి తెలుగు చదవడం రాదు. ఆ ఒక్క కారణం చాలు.

17 సెప్టెంబర్, శనివారం

రెండు రోజులన్నవాడు ఇంకా ఉన్నాడు. నేను అడగలేదు.

19 సెప్టెంబర్, సోమవారం

ఈ రోజు నుంచి ఆర్టీసీ బస్సులూ బంద్. “అయ్యో, ఇప్పుడెట్ల పోవాలె?” అని అకీల్ చాలా పరేషాన్ అయినట్టు మొహం పెట్టాడు. గల్లీ చివర జీపులవాళ్లు ‘వరంగల్, వరంగల్’ అని గొంతు చించుకుంటున్నారు. మా ఇంట్లో ముగ్గురిలో ఒక్కరికీ వినిపించలేదు.

22 సెప్టెంబర్, గురువారం

తెలిసిన సంగతులు:

ఆయనకు చిరిగిన బనీను ఒకటి ఉంది. రెండేళ్లుగా అది నాకు కనిపించకుండా దాచాడు. ఇక్కడికొచ్చిన ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా, అత్తరు. నేనూ తక్కువ తిన్నానా, ఆదివారం వస్తే పెళ్లిలో కట్టిన చీరల్లో ఒకటి తీసేదాన్ని. ఒకరింటికి ఒకరం చుట్టాలుగా వచ్చినట్టు ఉండేది. ఈ రోజు ఆ చిరుగు బనీనుతో గడప మీద కూర్చుని చాయ్ సాసర్‌లో పోసుకుని జుర్రుతుంటే నాకు ఎంత ముద్దొచ్చాడో. రాసుకోవడానికి సిగ్గేమిటి, నా మొగుడే కదా.

స్నానం గంటసేపు. బొగ్గు లేకపోయినా బొగ్గు ఉన్నట్టే రుద్దుకుంటాడు.

పాట పాడతాడు. పాడకపోతే బాగుండు.

టెంటుకు నాతో వస్తున్నాడు. రిజిస్టరులో సంతకం పెట్టబోతే అరుంధతక్క చేయి అడ్డం పెట్టింది. “మీది వేరే డిపార్ట్‌మెంట్ సార్. కూసోవచ్చు, సంతకం చెయ్యరాదు.” కూర్చున్నాడు. సాయంత్రం ఇద్దరం నడుచుకుంటూ ఇంటికొచ్చాం. ఇంకా ఎండ ఉంది. గూడూరు బస్సు దిగి చీకట్లో పరుగెత్తుకుంటూ వచ్చే దారిలో ఒక ఇంటి ముందు ముద్దబంతి చెట్లున్నాయని ఇప్పుడే చూశాను.

23 సెప్టెంబర్, శుక్రవారం

నమాజ్ అయ్యాక దువా దగ్గర ఆగిపోయాను. తెలంగాణ రావాలి. జల్దీ రావాలి. అందరూ అదే అడుగుతున్నారు, నేనూ అడిగాను. కానీ తెలంగాణ వస్తే సమ్మె ఆగిపోతుంది. సమ్మె ఆగితే జీపులవాడి అరుపు ఆయనకు వినిపిస్తుంది.

కొంచెం మెల్లగా రానీ అని అడిగాను. తోబా తోబా. టెంటులో జీతాల్లేకుండా కూర్చున్నవాళ్ల మొహాలు గుర్తొచ్చి మళ్లీ జల్దీ రానీ అని అడిగాను. పైవాడు నన్ను చూసి నవ్వుకుని ఉంటాడు.

24 సెప్టెంబర్, శనివారం

రోడ్డు మీద కబడ్డీ. టీచర్లకూ రెవెన్యూకూ పోటీ. గీతలు గీయమని నాకు చెప్పారు. మండల సర్వేయర్ ఉండగా ఇంకెవరు గీస్తారు? టేపు పట్టుకుని దిగాను. టేపు రెండో కొన అకీల్ పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు ఊరుకోవచ్చు కదా.

“రోడ్డు నడుమ ఎత్తుంది, అంచులకు వాలుంది. టేపు నేలకు ఆనిస్తే కొలత తప్పు. లేపి పట్టు” అన్నాడు.

“ఇది కబడ్డీ.”

“కొలత కొలతనే. బాయిల గిట్ల కొలిస్తే రెండు సొరంగాలు జన్మల కలవవు.”

“ఇది బాయి కాదు. ఇక్కడ భూమ్మీద మనుషులు గిట్లనే కొలుస్తరు!”

రెండు జట్లూ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నారు. అరుంధతక్క అరిచింది. “ఆడేటోళ్లు ముసలోళ్లయ్యేటట్టున్నరు! గీయుండ్రి!” నేను గీసిన గీత మీదే ఆడారు. ఆయన ఇంటికి నా వెనక పది గజాల దూరంలో నడిచి వచ్చాడు.

25 సెప్టెంబర్, ఆదివారం

మాటల్లేవు.

26 సెప్టెంబర్, సోమవారం

ఇంకా లేవు. అమ్మీ భయపడి ఇద్దరికీ తాయెత్తు తెస్తానంటోంది.

నాకు మాత్రం ఒక సంగతి తట్టింది. మేం రెండేళ్లలో ఒక్కసారి కూడా కొట్లాడలేదు. అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని, మా ఇద్దరికీ అసలు గొడవే రాదని. ఎందుకొస్తుంది? ఆదివారం మధ్యాహ్నం అలిగితే, అలక తీరేలోపు ఆయన బస్సెక్కిపోతాడు. మళ్లీ వారం దాకా కడుపులో మంట పెట్టుకుని ఎవరుంటారు? అందుకని వచ్చిన కోపాన్ని వచ్చినట్టే మింగేశాను. ఆయనా మింగే ఉంటాడు. ఇప్పుడు తీరిగ్గా మూడు రోజుల నుంచి అలిగి ఉన్నాం. హాయిగా ఉంది.

27 సెప్టెంబర్, మంగళవారం

పొద్దున్నే ఆయన ఒక్కడే పోయి రోడ్డు మీద గీతలు మళ్లీ కొలిచి వచ్చాడు. నేను పిండి పిసుకుతుంటే వెనక నిలబడి, “నీదే కరెక్టు” అన్నాడు. నేను తిరగలేదు. “నాలుగు అంగుళాలు తప్ప” అన్నాడు. పిండి చేత్తోనే వీపు మీద ఒకటిచ్చాను. అమ్మీ తాయెత్తు తేవడం మానుకుంది.

1 అక్టోబర్, శనివారం

నవ్వి నవ్వి కడుపు నొప్పి.

వంటావార్పు రోజు. రోడ్డు మీదే పొయ్యిలు, వాటి మీద పెద్ద గంజులు. అకీల్ ఆడవాళ్ల మధ్య కూర్చుని ఎల్లిగడ్డ పొట్టు తీస్తున్నాడు. ఇంతలో ఒక జీపు ఆగి, మా టెంటుకు మద్దతు చెప్పడానికి వచ్చినవాళ్లు ముగ్గురు దిగారు. ముందున్న పెద్దాయన పోశాలు, అకీల్ పనిచేసే బాయిలోనే ముప్పై ఏళ్లుగా బొగ్గు కొడుతున్నాడు. అకీల్‌ని చూసి ఆగిపోయాడు.

“గీడున్నవా సాబ్! నువ్వు దొంగతనంగ డ్యూటీ చేస్తున్నవని ఆడ ఒకటే లొల్లి.”

అకీల్ లేచి నిలబడ్డాడు. ఒళ్లంతా ఎల్లిగడ్డ పొట్టు. “నేనా అన్నా?”

“మా టెంట్ల రిజిస్టర్ల పద్దెనిమిది దినాల సంది నీ సంతకం లేదు. సమ్మెల లేనోడు డ్యూటీల ఉన్నట్టే గద?”

అక్కడా రిజిస్టరేనా! సమ్మెకు గైరుహాజరైన మొదటి మనిషి నా మొగుడే అయ్యుంటాడు.

“సమ్మెలనే ఉన్న. గీడ” అన్నాడు అకీల్.

“గవా ఎవరు? సాక్ష్యం ఎవలు చెప్తరు?”

అందరం అరుంధతక్క వైపు చూశాం. ఆమె కళ్లద్దాలు సర్దుకుంది. “ఈయన నా రిజిస్టర్ల లేడు.”

“అక్కా!” అన్నాను.

“అక్క లేదు చెల్లె లేదు. వేరే డిపార్ట్‌మెంట్ మనిషి. డిప్యుటేషన్ ఆర్డర్ లేకుండ ఎట్ల రాసుకోవాలె?”

పోశాలు తల గోక్కున్నాడు. “గా ఆర్డర్ ఎవలియ్యాలె?”

“మీ టెంటు పెద్ద.”

“మా టెంటుకు నేనే పెద్దను.”

“మరి ఇయ్యుండ్రి. తెల్లకాయిదం ఉన్నది.”

అరుంధతక్క చెప్తుంటే నేనే రాశాను. ‘భూపాలపల్లి సమ్మె నుండి మహబూబాబాద్ సమ్మెకు సర్వేయర్ అకీల్ గారిని తాత్కాలికంగా పంపడమైనది. ఈ కాలంలో ఆయన ఏ పనీ చేయకుండా చూసుకునే బాధ్యత మహబూబాబాద్ టెంటుదే.’ పోశాలు సంతకం చేశాడు. అక్క చదివి తేదీ లేదని తిప్పి ఇచ్చింది. తేదీ వేశాక, “ఎప్పటి దాక?” అని అడిగింది.

“దసర దాక. దసర అయినంక మా సర్వేయర్ మాక్కావాలె” అన్నాడు పోశాలు.

తర్వాత విస్తరి ముందేసుకుని కూర్చుని పోశాలు అన్న మాట నా మనసులో నిలిచిపోయింది. “ముప్పై ఏండ్ల సంది పొద్దుగాల దిగుడు, మాపటికి ఎక్కుడు. పగటి మొగులు, గీ ఆకాశం, ఎట్లుంటదో మర్సిపోయిన బిడ్డా. గిప్పుడు మా ఇంటామె, నేను వాకిట్ల మంచమేసుకొని మొగులు జూసుకుంట కూసుంటున్నం. జీతం లేదు గని, మస్తున్నది.” అని, వెంటనే ఏదో తప్పు మాట అన్నట్టు చుట్టూ చూసి, “తెలంగాణ మాత్రం జల్ది రావాలె” అన్నాడు.

నా ఒక్కదానికే కాదన్నమాట ఈ రోగం.

4 అక్టోబర్, మంగళవారం

సద్దుల బతుకమ్మ. బతుకమ్మలను రోడ్డు మధ్యలో పెట్టి ఆడాం. బతుకమ్మకు పేర్చే గునుగు పూలకు అమ్మీ నిన్నంతా రంగులద్దింది, ‘నా రంగు ఎవరికి కుదురుతది’ అంటోంది. కాళ్లు నొప్పులు. ఎంత బాగుందో.

9 అక్టోబర్, ఆదివారం, భూపాలపల్లి

పోశాలు జీపు పంపాడు. అకీల్‌తో నేనూ వచ్చాను. రెండేళ్లలో ఇక్కడికి రావడం ఇది మూడోసారి, బాయి గేటు దాకా రావడం మొదటిసారి.

గేటు ముందు టెంటు. “సర్వేయర్ సాబ్ ఇంటామె” అని ఎవరో పరిచయం చేస్తే, “నేను గూడ సర్వేయర్నే” అన్నాను. పోశాలు పకపకా నవ్వి పక్కన చోటిచ్చాడు.

“మీ ఆయన ముచ్చట ఒకటి చెప్త ఇను. రెండు దిక్కుల సంది సొరంగం తవ్వుకుంట అచ్చినం. నడిమిట్ల గోడ. అవతలోళ్లు ఏడున్నరో ఎవలకెర్క? సాబ్ సున్నంతోని గీత గీసి, గీడ కొట్టుండ్రి, గీడనే ఉంటరు అన్నడు. కొట్టినం. అవతల కెల్లి ఒక చెయ్యి అచ్చింది బిడ్డా! గా చెయ్యి పట్టుకొని మేం నవ్వినం, ఏడ్సినం.”

అకీల్ నేల చూస్తూ కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“నాకెందుకు చెప్పలేదు?” అని అడిగాను, బయటికొచ్చాక.

“ఆదివారం పూట బాయి ముచ్చటెందుకని.”

ఆదివారం పూట! నా మొగుడు చేసిన గొప్ప పని నేను ఇంకొకరి నోట విన్నాను. ఎంత గర్వమో అంత కోపం.

ఇందులో ఇంతవరకూ రాయని సంగతి ఒకటి ఉంది. ఇన్నాళ్లూ మనసులో ఒక లెక్క పెట్టుకున్నాను. మెల్లగా మంచి మాటలు చెప్పి ఆయనతోనే మాకు దగ్గరున్న ఇల్లెందు బాయిలకు బదిలీ పెట్టించాలని. కాపీ కుర్చీ నాకెందుకు, ఆయన అడ్జస్టవుతాడులే అని. టెంటులో వాళ్లు ఆయన వైపు చూసే చూపు చూశాక ఆ మాట నోటికి రాదు. ఆయన చేతిలో నుంచి ఆ సున్నం ముక్క లాక్కున్నట్టే అవుతుంది.

మరి ఎవరు పోవాలి? బక్రీద్‌కు నాలుగు వారాలు.

12 అక్టోబర్, బుధవారం

మళ్లీ మహబూబాబాద్. ఇద్దరం. ‘దసరా దాకా’ అన్న ఆర్డరును అరుంధతక్క వారం పొడిగించింది, ఎవరినీ అడక్కుండా.

భిక్షం ఫోన్ చేశాడు. అకీల్ ఎత్తాడు. “సారూ, మేడంకు చెప్పుండ్రి, సమ్మె అయినంక ముందుగాల మా చెలకకే రావాలె. ఆమె కొలిస్తెనే మా తమ్ముడు ఒప్పుకుంటనన్నడు. ఇంకెవలు కొలిసినా ఒప్పుకోడట.” ఫోన్ పెట్టేసి ఆయన ఆ మాటలన్నీ పొల్లుపోకుండా నాకు చెప్పాడు, రెండుసార్లు.

17 అక్టోబర్, సోమవారం

రేపటి నుంచి బాయి తెరుస్తారట. ఆయన సంచి సర్దుకుంటున్నాడు. చిరుగు బనీను ఇక్కడే వదిలిపెట్టమన్నాను.

18 అక్టోబర్, మంగళవారం

పోయాడు.

19 అక్టోబర్, బుధవారం

పప్పు ఎక్కువైంది.

24 అక్టోబర్, సోమవారం

సమ్మె ఆపేశారు. నలభై రెండు రోజులు. తెలంగాణ రాలేదు. టెంటు విప్పుతుంటే అందరి కళ్లల్లో నీళ్లు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. “ఊకో బిడ్డా, అస్తది, కొట్లాడి తెచ్చుకుందం” అని ఎవరెవరో ఓదార్చారు. నేను దేనికి ఏడుస్తున్నానో నాకే సగం సగం. తెలంగాణ కోసం కూడా ఏడ్చాను, అబద్ధం కాదు.

అరుంధతక్క రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుని నా పక్కన కూర్చుంది.

“నాగ్గూడ గట్లనే ఉన్నదే” అంది మెల్లగా. “నలభై రెండు దినాలు పొద్దుండంగ ఇంటికి పోయిన. మా ఇంటెనుక జామచెట్టు కాస్తదని నాకు గిప్పుడే తెలిసింది. ఇరవై ఏండ్లాయె ఆ ఇంట్ల ఉండవట్టి.”

ఇద్దరం ఒకరినొకరం చూసుకుని, ఏడుపు మొహాలతోనే నవ్వేశాం. జనం మాకు పిచ్చి పట్టిందనుకున్నారు.

25 అక్టోబర్, మంగళవారం

భిక్షం చెలక పూర్తిచేశాను. అన్నదమ్ములిద్దరూ చెరో వైపు నిలబడి హద్దురాయి పట్టుకున్నారు. భిక్షం భార్య రుక్కి నాకు పెసరకాయలు కొంగులో పోసింది. గొలుసు చుట్టుకుంటుంటే ప్రాణం లేచొచ్చింది. నేను ఈ పని వదలను. పెద్ద అక్షరాలతో రాసుకున్నా తప్పులేదు.

30 అక్టోబర్, ఆదివారం

అకీల్ నిన్న సాయంత్రం వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, అత్తరు. అమ్మీ కేసముద్రం పోయింది, చుట్టాలింట్లో పెళ్లి.

ఈ ఆదివారం నేను మంచిదాన్నిగా ఉండలేదు. అన్నం వడ్డించి, “ఒక మాట చెప్త, విని తినుండ్రి” అన్నాను.

“చెప్పు.”

“నేను భూపాలపల్లికి రాను. గా కుర్చీల కూసోలేను. మీరు కూడ బాయి విడిచిపెట్టి రావద్దు, వస్తే నేనే ఊకోను. గని నాకు బుధవారం కావాలె. గురువారం కూడ కావాలె. మీతోని అలిగి మూడు దినాలు ఉండాలె నాకు.”

చెప్పి ఏడ్చాను. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

ఆయన ముద్ద కలపకుండానే చేయి కడుక్కున్నాడు. పోతున్నాడేమో అనుకున్నాను. పోలేదు, నా సంచి వెతికి జిల్లా రోడ్ల నక్షా తెచ్చి నేల మీద పరిచాడు. “దారముందా?” అన్నాడు.

“ఎందుకు?”

“ఇయ్యి.”

గూడూరు దగ్గర ఒక కొన నా వేలి కింద పెట్టి, రోడ్డు వంపులన్నీ పట్టుకుంటూ నర్సంపేట మీదుగా భూపాలపల్లి దాకా దారం పరిచాడు. అక్కడ తెంపి, రెండు కొనలు కలిపి మడిచాడు. మడత మళ్లీ నక్షా మీద పెట్టి చూశాడు.

“మల్లంపల్లి” అన్నాడు.

“మల్లంపల్లిల ఏమున్నది?”

“ఏం లేదు. నాకు కొలువు లేదు, నీకు లేదు. సగం సగం దూరం. ఇల్లు మాత్రం ఉంటది.”

నేను ఆ మడతను మళ్లీ పెట్టి చూశాను. తర్వాత కొట్లాట మొదలుపెట్టాను. దూరం సగమైతే సరిపోతుందా? నాది రెండు బస్సులు, ఆయనది ఒక్కటి. నేను దిగాక ఊళ్లకు ఆటోల్లో పోవాలి. ఆయనేమో, “నాకు పొద్దున్నే బాయి మీద ఉండాలె, నువ్వు ఆఫీసుకు పదింటికి పోతవ్” అన్నాడు. ఆ నడిమి చోటును టైముతో కొలవాలని నేను, కిలోమీటర్లతోనే కొలవాలని ఆయన. అన్నం చల్లారిపోయింది. చాయ్ పెట్టుకుని మళ్లీ కొట్లాడాం. నేను నడుమను నర్సంపేట వైపు లాగాను, ఆయన ములుగు వైపు లాగాడు. పొద్దుగూకేసరికి దారం తిరిగి తిరిగి అదే ఊరి మీద పడింది. ఇద్దరికీ చెరో యాభై కిలోమీటర్లు, ఇద్దరికీ కష్టమే. సాయంత్రం ఇద్దరం ఆవురావురుమని చల్లటి అన్నమే తిన్నాం.

రెండేళ్లు ఈ సంగతి ఎందుకు తట్టలేదో! ఇల్లంటే ఎవరో ఒకరి కొలువున్న ఊళ్లోనే ఉండాలని మాకు ఎవరూ చెప్పలేదు. మేమే అనుకున్నాం. ఓడేది ఎవరో తేలాలని ఒకరి మొహం ఒకరం చూస్తూ కూర్చున్నాం.

7 నవంబర్, సోమవారం

బక్రీద్. అమ్మీకి చెప్పాం. “గా ఊర్ల మనకు ఎవరున్నరు? కొలువు లేని ఊర్ల ఇల్లా? ఎవలన్న వింటే నవ్వుతరు” అని గంటసేపు తిట్టింది. సేమియా గిన్నెలు కడగడం అయ్యేసరికి, “నాకు వేరే అర్ర ఉండాలె. కోళ్లకు జాగ ఉండాలె” అంది. అంటే ఒప్పుకున్నట్టే.

9 నవంబర్, బుధవారం

ఇద్దరం ఒకే రోజు సెలవు పెట్టాం, పెళ్లయ్యాక మొదటిసారి. నేను అటు నుంచి, ఆయన ఇటు నుంచి వచ్చి మల్లంపల్లి క్రాస్ రోడ్డు దగ్గర కలుసుకున్నాం. నాలుగు ఇళ్లు చూశాం. మూడు నచ్చలేదు. నాలుగోది రెండు అర్రలు (అమ్మీకి ఒక గది, మాకు ఒకటి), వెనక కోళ్లకు జాగా, ముందు మంచం వేసుకునేంత వాకిలి.

ఇంటామె వీరమ్మ, అరవై ఏళ్లుంటాయి. వాకిట్లో నిలబెట్టే మమ్మల్ని వివరాలు అడిగింది.

“సారు కొలువు గీడనేనా?”

“కాదవ్వా, భూపాలపల్లిల.”

“మరి నీదా?”

“నాది గూడూరుల.”

“గూడూరా!” అని మమ్మల్నిద్దరినీ కింది నుంచి మీది దాకా చూసింది. “గీ ఊర్ల భూమి గిట్ల ఉన్నదా?”

“లేదు.”

“చుట్టాలు?”

“లేరవ్వా.”

“దుకాణం పెడ్తరా?”

“పెట్టం” అన్నాడు అకీల్.

“మరి ఏ పని లేకుండ గీడికెందుకచ్చిన్రు బిడ్డా?”

అకీల్ నా వైపు చూశాడు. ఇప్పటిదాకా ఏ ఊరికి ఎందుకొచ్చావని అడిగినా చేతిలో ఒక ఆర్డరు కాగితం ఉండేది, అది చూపిస్తే సరిపోయేది. ఈ ఊరికి మమ్మల్ని ఎవరూ పంపలేదు.

“ఉండనీకి వచ్చినం అవ్వా” అన్నాను.

వీరమ్మ కొంగు ముడి విప్పి తాళం చెవి నా చేతిలో పెట్టింది.